నాన్నగారి ఎడమకాలి బూటు

మొన్నటి వానల్లో మా మనవడు రామం కొవ్వూరు వచ్చాడు. రాజమండ్రిలో రైలెక్కి వంతెన దాటితే మా ఊరే, అయినా వాడికి తీరిక దొరికేది ఏ పండక్కో పబ్బానికో గాని కాదు. ఈమధ్యే ప్లీడరు పరీక్ష పాసయ్యాడు. వచ్చే సోమవారం జడ్జీగారి ఎదుట మొట్టమొదటిసారి నిలబడాలి. ఏ బూట్సు తొడుక్కుని నిలబడాలో తేల్చుకోలేక ఒక జత కాళ్ళకి వేసుకుని, ఇంకో జత అట్టపెట్టెలో పెట్టి చంకన పెట్టుకుని వచ్చాడు, నాకు చూపించడానికి. మోకాళ్ళ నొప్పులతో నేను సావట్లో పడక్కుర్చీలో ఉన్నాను. వాడు గుమ్మం బయట మెట్టుమీద కూర్చుని, వంగి, తాళ్ళు విప్పుకుంటున్నాడు. వానకి తడిసి ముడి బిగుసుకుపోయినట్టుంది. "ఎంతసేపురా, తడుస్తున్నావు, లోపలికి రా" అన్నాను. "వస్తున్నా అమ్మమ్మా, ఇదొక్క ముడి" అన్నాడు వాడు తలెత్తకుండా.

ఆ మాట వినేసరికి నాకేమైందో నాకే తెలీదు. "విప్పకురా! అలాగే రా! ముందు లోపలికి రా!" అని ఇల్లెగిరిపోయేలా కేక పెట్టాను. వంటింట్లోంచి మా అమ్మాయి గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. దాని మొహం చూడాలి. మడి అనీ మైల అనీ పుట్టినప్పట్నించీ దాన్ని సాధించిన తల్లి, బూట్లతో లోపలికి రమ్మంటోందేమిటి అని తెల్లబోయింది. రామం మాత్రం ఆ ముడి ఊడదీసి, బూట్లు గోడవారన పెట్టి, కాళ్ళు కడుక్కుని మరీ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఏంటమ్మమ్మా, ఏమైంది?" అన్నాడు బెదిరిపోయి. ఏమీ కాలేదని చెప్పాను. నిజానికి అయినదేదో అరవయ్యేళ్ళ కిందటే అయిపోయింది. వాడు వెళ్ళాక మూడు రోజులు నిద్ర పట్టక, పట్టనప్పుడు రాసుకోవడం తప్ప వేరే పని చేతకాక, ఇది రాస్తున్నాను.

మా నాన్నగారు మా బామ్మకి ఒక్కగానొక్క కొడుకు. ముందు పుట్టినవాళ్ళూ తరవాత పుట్టినవాళ్ళూ దక్కలేదు. ఆ ఒక్క కొడుకు చేతుల మీదుగా వెళ్ళిపోతే చాలని ఆవిడ రోజూ గోదావరికి దణ్ణం పెట్టుకునేది. అది జరగలేదు. కొడుకు పొరుగూళ్ళో ఉండి కాదు, కబురందక కాదు. అంది, వచ్చి, గుమ్మం ముందు కూర్చుని, తల్లి కళ్ళెదుటే ఉండి కూడా ఆయన ఆవిడ నోట్లో తులసినీళ్ళు పొయ్యలేకపోయారు. ఒక బూటు తాడు ముడి ఊడలేదు, అంతే. ఈ సంగతి మా ఇంట్లో తరవాత ఎవరూ ఎత్తలేదు. అమ్మ ఎత్తలేదు, నాన్నగారు అసలే ఎత్తలేదు. ఇద్దరూ పోయారు, ఇప్పుడు చెప్పినా నొచ్చుకునేవాళ్ళు లేరు.

అప్పుడు మేము రాజమండ్రిలో ఇన్నీసుపేటలో ఉండేవాళ్ళం. పెంకుటిల్లు, ముందు వీధరుగు, లోపల సావడి, వెనక వంటిల్లు, పెరట్లో నిమ్మచెట్టు. నాకు ఊహ తెలిసేసరికి ఆ ఇంటికి రెండు వాసనలుండేవి. ఒకటి నీళ్ళ వాసన. గోదావరి నుంచి అమ్మ బిందెతో తెచ్చిన ఎర్రటి నీళ్ళలో చిల్లగింజ అరగదీసి కలిపితే కాసేపటికి మట్టి అడుగుకి దిగి పైన నీళ్ళు తేటపడేవి. ఆ తడిమట్టి వాసన ఎండాకాలంలో కూడా ఇంట్లో ఉండేది. రెండోది వేడి ఆముదం వాసన. అది నాన్నగారి ఎడమకాలిది.

నాన్నగారికి బోదకాలు. మా జిల్లాలో అదొక వింత కాదు, వీధికి ఇద్దరో ముగ్గురో ఉండనే ఉంటారు. కాని నాన్నగారికి అది మరీ పెద్దది కాదు, పాదమూ చీలమండా లావెక్కాయి, అంతే. అందుకే దాచుకోవచ్చుననుకున్నారు. దాచుకోగలిగినంత జబ్బే మనిషిని ఎక్కువ ఏడిపిస్తుంది. అమావాస్యకీ పున్నానికీ చలీ జ్వరమూ వచ్చి కాలు ఎర్రబడేది. బామ్మ ఉమ్మెత్తాకులకి ఆముదం రాసి, కుంపటిమీద వెచ్చచేసి, కాలి చుట్టూ పేర్చి పాతగుడ్డతో కట్టేది. ఎంత చాదస్తురాలంటే, పెరట్లోకి కాకి వచ్చినా మళ్ళీ స్నానం చేసే మనిషి. ముట్టుకుంటే కస్సుమనేది. అలాంటిది కొడుకు కాలు మటుకు ఒళ్ళో పెట్టుకుని, "నొప్పా నాయనా? ఇక్కడా? ఇక్కడా?" అని పసివాణ్ణి అడిగినట్టు అడిగేది. ఆ కాలిని అమ్మ చేత కూడా ముట్టనిచ్చేది కాదు. "నేనున్నన్నాళ్ళూ నేను చేస్తాను. తరవాత నీ ఇష్టం" అనేది అమ్మతో.

నాన్నగారు సబ్ కలెక్టరు కచేరీలో గుమాస్తా. ఆ రోజుల్లో మగవాడి కాలికి ఏది ఎప్పుడు తొడగాలో ఒక శాస్త్రమే ఉండేది, ఎవరూ రాసిపెట్టలేదు గాని అందరికీ వచ్చు. మడి కట్టుకుంటే పావుకోళ్ళు. వీధిలోకి కిర్రుచెప్పులు, అవి కిర్రుమంటేనే పెద్దమనిషి వస్తున్నాడని తెలిసేది. కచేరీకీ పెళ్ళిళ్ళకీ ముచ్చెలు, ముందు మొన తేలి, వెనక మడమ విడిచి ఉండేవి. వాటిలో ఉన్న సుఖమేమిటంటే చెయ్యి పెట్టక్కర్లేదు. కాలు దూరిస్తే దూరినట్టు, కాలు తీస్తే ఊడినట్టు. తోలు చేత్తో ముట్టుకుంటే స్నానం చెయ్యాలి గదా మరి. ఇక శవం లేచే ఇంటికి ఏ జోడూ లేదు. దివానైనా గుమాస్తా అయినా అక్కడికి వట్టికాళ్ళే.

ఇవన్నీ ఇలా ఉండగా దొరలు వచ్చి ఇంకో రివాజు పెట్టారు. దొరగారి ఎదటికి వెళ్ళేవాడు ముచ్చెలో చెప్పులో వేసుకుని వస్తే వాటిని గుమ్మం బయట విడిచి వట్టికాళ్ళతో లోపలికి రావాలి. అదే ఇంగ్లీషు బూట్సూ మేజోళ్ళూ తొడుక్కొస్తే వాటితోనే తివాసీ తొక్కచ్చు. మనకి తోలు విప్పడం మర్యాద, వాళ్ళకి బూటు విప్పడం మోటు. మధ్యన పడి నలిగేది గుమాస్తా కాళ్ళు.

ఆ ఏడు కార్తీకమాసంలో చెన్నపట్నం నుంచి ఎవరో పెద్దదొర ఆనకట్ట చూడ్డానికి వస్తున్నాడనీ, రాజమండ్రిలో దర్బారు చేస్తాడనీ, కచేరీ ఉద్యోగుల్ని ఒక్కొక్కరినీ పేరు పిలిచి చూస్తాడనీ కబురొచ్చింది. నాన్నగారికి హెడ్ గుమాస్తా పని రావలసి ఉంది. ఆ పనిలో జమాబందీకి, అంటే శిస్తు లెక్కలు తేల్చడానికి, ఊళ్ళు తిరగాలి. బోదకాలు మనిషికి అది ఇవ్వరని కచేరీలో ఎవడో అన్నాడట. అంతే, నాన్నగారికి పిచ్చి పట్టింది. వట్టికాలితో తివాసీ మీద నిలబడితే ఆ కాలు అందరి కళ్ళా పడుతుంది. అందుకని బూట్సు కుట్టించుకుంటానన్నారు. కచేరీలో ఆయనకి సాటివాడు వెంకటరత్నంగారు, మా ఎదురింటాయన, రోజూ మా అరుగుమీద కూర్చుని పొడుం పీల్చేవారు. "తాళ్ళు లేనివి దొరుకుతాయండీ, పక్కన సాగుతాయి, లాగితే వచ్చేస్తాయి. ఆ జాతివి తీసుకోండి" అన్నారాయన. "అవి నాకు వద్దు. తాళ్ళుంటే వదులు చేసుకోవచ్చు, బిగించుకోవచ్చు" అన్నారు నాన్నగారు. పైగా తాళ్ళవి చీలమండ దాటి పైదాకా వస్తాయి, ఏమీ కనపడదు.

బామ్మ ఇల్లు పీకి పందిరేసింది. ముచ్చెలకి లేని బాధ దీనికేమిటో ముందు నాకు అర్థం కాలేదు. తరవాత తెలిసింది, తాళ్ళు చేత్తోనే ముడెయ్యాలి, చేత్తోనే విప్పాలి. "పొద్దున్నా సాయంత్రమూ తోలు పిసుకుతావా? ఆ చేత్తో సంధ్య వారుస్తావా? ఆ చేత్తో అన్నం కలుపుతావా?" అని అడిగింది. నాన్నగారు స్నానం చేస్తానన్నారు. బామ్మ ఊరుకోలేదు. పప్పు రుబ్బుతున్నదల్లా లేచి నిలబడి, "తోలుతాళ్ళు ముడేసిన ఆ చేత్తోనే రేపు నా నోట్లో తులసినీళ్ళు పోస్తావట్రా?" అంది. అమ్మ "అత్తయ్యగారూ, అలాంటి మాటలు వద్దండీ" అంది. నాన్నగారు లేచి వీధిలోకి వెళ్ళిపోయారు. ఆ మాట ఆవిడ కోపంలో అంది, సాయంత్రానికి మరిచిపోయింది. నాన్నగారు మరవలేదు. ఆయన మనసు అలాంటిది, మెత్తటి నేలలో మేకు దిగినట్టు దిగితే మళ్ళీ రాదు.

బూట్లు కుట్టేవాడికి కాలు చూపించడం నాన్నగారికి ఇష్టం లేదు. కొలతలు ఇంట్లోనే తీసి పంపుతానన్నారు. తియ్యడానికి మనిషి కావాలి గదా, చివరికి బామ్మే కూర్చుంది, జంధ్యాల నూలు పోగు పట్టుకుని. తిట్టుకుంటూనే కూర్చుంది. బోదకాలు సంగతేమిటంటే, రాత్రంతా పడుకుని లేస్తే పొద్దున్నపూట వాపు తీసి ఉంటుంది. నిలబడి తిరిగినకొద్దీ నీరు దిగి సాయంత్రానికి మళ్ళీ ఉబ్బుతుంది. నాన్నగారు పొద్దున్నే మంచం దిగకుండా కొలవమన్నారు. "సాయంత్రం కూడా ఒకసారి చూసుకుందాంరా. కాలు నీకు పొద్దున్న ఒక్కపూటే ఉండదు గదా" అంది బామ్మ. "అక్కర్లేదమ్మా, ఇదే చాలు. దర్బారు పొద్దుటేగా" అన్నారాయన. సన్నగా ఉన్న కాలే తన కాలని ఆయన నమ్మదలుచుకున్నారు. బామ్మ ఆ పోగుమీద రెండు ముళ్ళేసి, తమలపాకులో చుట్టి ఇచ్చింది.

బూట్లు వచ్చాయి. నల్లగా, చమురు వాసన వేస్తూ, ఎడమది కొంచెం పెద్దగా. వాటిని ఇంట్లోకి రానివ్వలేదు, వీధరుగు చివర గూట్లో పెట్టారు. తెల్లవారుజామున ఇంకా ఎవరూ లేవకుండా నాన్నగారు మేజోళ్ళు తొడుక్కుని, తాళ్ళు బిగించుకుని అరుగుమీద అటూ ఇటూ నడవడం నేర్చుకునేవారు. తరవాత నూతి దగ్గర నెత్తిమీద నీళ్ళు పోసుకునేవారు, కార్తీకమాసపు చలిలో. లోపల పడుకుని ఆ చప్పుడు వింటూ బామ్మ, "వాడి కాలు ఊపిరాడక చస్తుంది" అని గొణుక్కునేది. ఆవిడ బాధ తోలు ఒక్కటే కాదు. రోజూ తను గుడ్డతో మెత్తగా కట్టే కాలిని ఇంకోటేదో బిగించి కడుతోందని ఆవిడకి దిగులు. నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు ముసలిదాని సాధింపులే అనుకున్నాను.

కార్తీకస్నానాలకి బామ్మ చీకటితోనే గోదావరికి వెళ్ళేది. ఆ నెలలో తుపాను పట్టి ముసురు వదల్లేదు. వద్దన్నా వినకుండా వెళ్ళి, తడిగుడ్డతో గట్టునే దీపాలు వెలిగించి, చలిజ్వరం తెచ్చుకుంది. రొమ్ము పట్టేసింది. వైద్యుడు అల్లం రసమూ ఏవో మాత్రలూ ఇచ్చాడు గాని మొహం చిట్లించాడు. దర్బారు రోజు పొద్దున్న ఆవిడకి కొంచెం తెరిపిగా ఉన్నట్టనిపించింది, లేచి గోడకి ఆనుకుని కూర్చుంది. నాన్నగారు కోటు తొడుక్కుని, తలపాగా చుట్టుకుని, వచ్చి ఎదురుగా నిలబడ్డారు. "వెళ్ళమంటావా అమ్మా?" అన్నారు. బామ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "వెళ్ళిరా. నేనెక్కడికీ పోను" అంది. ఆయన అరుగుమీదకి వెళ్ళి బూట్లు తొడుక్కుంటుంటే తాళ్ళు బిగిస్తున్న చప్పుడు లోపలికి వినపడింది. పున్నమి ముందురోజు అది. బామ్మకి అది జ్ఞాపకం ఉంది. "ఇవాళ జ్వరం వచ్చే రోజే, వాడికి చెప్పనే లేదు" అంది నాతో, ఆయన వీధి మలుపు తిరిగాక.

దర్బారు పొద్దుట మొదలవ్వలేదు. పెద్దదొర ఆనకట్ట దగ్గరే మధ్యాహ్నం దాకా ఉండిపోయాడు. ఉద్యోగులందరూ డేరాల్లో నిలబడే ఉన్నారు, కూర్చోడానికి వీల్లేదు. ఇవన్నీ వెంకటరత్నంగారు తరవాత చెప్పారు. మధ్యాహ్నం తిరిగాక దొర వచ్చి, పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరికీ తలాడించాడట. ఆయన చూపు ఎవరి తలపాగా దాటి కిందికి దిగలేదట. వాన ఎక్కడ డేరాలోకి దిగుతుందోనని కప్పువైపే చూస్తూ నిలబడ్డాడట. నాన్నగారి కాళ్ళు ఆయన చూడలేదు. బూట్లున్నాయో లేవో కూడా చూడలేదు.

ఇక్కడ ఇంట్లో భోజనాల వేళ దాటాక బామ్మకి ఎగఊపిరి మొదలైంది. అమ్మ హడిలిపోయి గిన్నెలు తోమే ఎల్లమ్మని దర్బారు దగ్గరికి పరిగెత్తించింది. ఎల్లమ్మ వెళ్ళి, డేరా తాళ్ళ అవతల బంట్రోతులు ఆపితే, అక్కడి నుంచే "బాబుగోరో! అమ్మగోరికి బాగోలేదండీ! రావాలండీ!" అని కేకలేసిందట, ఎవరేమనుకున్నా సరే అని. నాన్నగారు విని కదిలారు. జట్కా ఒక్కటీ లేదు. కోసెడు దూరం, కుండపోత వాన, చీలమండ లోతు బురద. ఆ బూట్లతోనే పరిగెత్తారు. దారిలో విప్పి పారేసి రావలసింది గదా అని తరవాత చాలామంది అన్నారు. తరవాత అందరూ తెలివైనవాళ్ళే.

బామ్మని సావట్లో దర్భలు పరిచి నేలమీద పడుకోబెట్టారు. పురోహితులు అవధానిగారు తల దగ్గర కూర్చుని నారాయణ నామం చెబుతున్నారు. ఆవిడే తలని వీధిగుమ్మం వైపు తిప్పించుకుంది, కొడుకు వస్తే కనపడాలని. నాన్నగారు వచ్చారు. మెట్టెక్కి గుమ్మం దగ్గర ఆగారు. తల్లీ కొడుకూ ఒకరినొకరు చూసుకున్నారు. మధ్యన ఏముంది, నాలుగైదు అడుగుల నేల. ఆయన కింద కూర్చుని కుడికాలి తాడు లాగారు, అది ఎలాగో వచ్చింది. ఎడమది రాలేదు. పొద్దుట్నించీ నిలబడి, పరిగెత్తి, కాలు ఉబ్బిపోయి, తోలు వానకి నాని బిగిసి, తాడు కాలిలోకి దిగబడిపోయింది. బురద పట్టిన ముడి రాయిలా ఉంది. గోళ్ళతో పీకారు. చలికి వేళ్ళు కొంకర్లుపోయాయి, జ్వరమూ వచ్చేసింది. వంగి, మోకాలు గుండెకి లాక్కుని, ఆ తోలుతాడు పళ్ళతో పట్టుకుని లాగారు. నేను చూశాను. రోజుకి మూడుసార్లు సంధ్య వార్చే మనిషి తోలు నోట పెట్టి కొరికారు గాని, ఆ గడప దాటలేదు.

బామ్మ పెదవులు కదిలాయి. నేను వంగి చెవి పెట్టాను. "వాణ్ణి అలాగే రమ్మనవే. ఇల్లు కడుక్కోవచ్చు" అంది. మాట సన్నగా ఉంది గాని స్పష్టంగా ఉంది, అవధానిగారు కూడా విన్నారు. ఆయన కాదనలేదు, "చెప్పమ్మా, వెళ్ళి చెప్పు" అన్నారు. నేను గుమ్మం దగ్గరికి పరిగెత్తి, "నాన్నగారూ, బామ్మ అలాగే రమ్మంటోందండీ. ఇల్లు కడుక్కోవచ్చు అంటోంది" అన్నాను. ఆయన తలెత్తి నన్ను చూశారు. మొహమంతా వాననీళ్ళు, పెదవి తెగి నెత్తురు. తలూపారు. "వస్తున్నానని చెప్పమ్మా. ఇదొక్క ముడి" అన్నారు. మళ్ళీ వంగారు.

అమ్మ ఇక ఆగలేదు. వంటింట్లోకి వెళ్ళి కత్తిపీట తెచ్చింది. మడికూరలు తరిగే కత్తిపీట, దాన్ని ఇంకొకళ్ళు ముట్టుకుంటేనే బామ్మ ఊరుకునేది కాదు. గుమ్మం బయట అరుగుమీద దాన్ని వేసి కూర్చుని, నాన్నగారి కాలు రెండు చేతులతో పట్టుకుని, మొన తాడు కిందికి దూర్చి వంకాయ తరిగినట్టు తరిగింది. ఒక్కొక్క తాడూ పటుక్కుమంది. అయినా బూటు ఊడి రాలేదు, కాలు దాన్ని వదల్లేదు. అమ్మ లాగుతోంది, నాన్నగారు అమ్మా అమ్మా అంటున్నారు, ఏ అమ్మనో నాకు తెలీదు. లోపల నుంచి అవధానిగారు గట్టిగా పిలిచారు. నేను వెళ్ళాను. "ఇంకెవరూ లేరు, నువ్వే పొయ్యి తల్లీ" అని ఉద్ధరిణ నా చేతిలో పెట్టారు. పోశాను. కొంచెం లోపలికి దిగింది, కొంచెం చెంపమీదుగా జారింది. బామ్మ కళ్ళు నన్ను చూడలేదు. గుమ్మం వైపే ఉన్నాయి, ఆ తరవాత కూడా అటే ఉన్నాయి.

బూటు తరవాత వెంకటరత్నంగారు వచ్చి, తోలు పక్కన కోసి ఊడదీశారు. నాన్నగారు లోపలికి వచ్చి, ఎవరి మాటా వినకుండా, తల్లి పాదాల దగ్గర కూర్చున్నారు. ఆయన ఏడ్చి ఉంటే మాకు కొంచెం బాగుండేది. వాన కాస్త తగ్గాక నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచారు. తడిపంచె, వట్టికాళ్ళు. ఎడమకాలు వాచి, తాళ్ళు ఒరుసుకున్న చోటల్లా అడ్డంగా ఎర్రటి గాట్లు పడి ఉంది. దర్బారు నుంచి తిన్నగా వచ్చిన కచేరీవాళ్ళందరూ మా వీధిలో రెండు పక్కలా నిలబడి ఉన్నారు. ఏ కాలిని వాళ్ళ కంట పడకుండా దాచాలని ఆయన అంత పాట్లు పడ్డారో, ఆ కాలితోనే వాళ్ళ మధ్యనుంచి కుంటుకుంటూ గోదావరి వైపు వెళ్ళారు. ఆడపిల్లని, నన్ను వెళ్ళనివ్వలేదు. మలుపుదాకా చూశాను.

ఇంతా చేస్తే ఆ కాలు సంగతి అందరికీ తెలిసిందే. పన్నెండో రోజు దాటాక వెంకటరత్నంగారు అరుగుమీద కూర్చుని, "మాకు తెలీదనుకున్నారాండీ ఇన్నాళ్ళూ? కచేరీలో మీరు నడిచొస్తుంటే అడుగుల చప్పుడే చెబుతుంది గదా" అన్నారు. ఉగాది నాటికి హెడ్ గుమాస్తా పని ఆయనకే వచ్చింది. ఊళ్ళు తిరిగారు, బండిలో, పడవలో, ఎవరూ ఏమీ అనలేదు. పింఛను పుచ్చుకునేదాకా వదులు ముచ్చెలే వేసుకుని, వాటిని గుమ్మం బయట విడిచి, ఆ కాలితోనే దొరల తివాసీలు తొక్కారు. అంత సులువైన పని అది. ఆ సులువు తెలియడానికి అయిన ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది, ఎవరిమీదో తెలీదు.

ఉమ్మెత్తాకుల కట్టు తరవాత ఎవరూ కట్టలేదు. అమ్మ కడతానంటే నాన్నగారు వద్దన్నారు. ఆముదం వాసన ఇంట్లోంచి మెల్లిగా పోయింది. జ్వరం వచ్చిన రోజుల్లో ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు. నా పెళ్ళిలో కాశీయాత్రకి పెళ్ళికొడుక్కి గొడుగూ పాదరక్షలూ ఇవ్వాలి గదా. మగపెళ్ళివారు, పిల్లవాడు కాలేజీలో చదువుతున్నాడనీ బూట్సు ఇమ్మనీ అడిగారు. అడిగినవన్నీ ఇచ్చిన మనిషి ఆ ఒక్కటీ ఇవ్వలేదు. పనసచెక్కతో పావుకోళ్ళు చేయించి ఇచ్చారు. "ఏమంత మీ నాన్నగారికి పిసినారితనం" అని మా అత్తగారు ఏళ్ళ తరబడి దెప్పేది. నేను ఒకసారీ జవాబు చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర ఉన్న జవాబు అత్తగారికి ఇచ్చేది కాదు.

ఇప్పుడు పిల్లలకి ఏ పట్టింపులూ లేవు. అదే జోడుతో కోర్టుకీ వెడతారు, పెళ్ళికీ వెడతారు, హోటల్లో కూర్చుని కాఫీ తాగుతారు. మంచిదే, బామ్మలాంటివాళ్ళ చేతిలో ఎన్ని ఇళ్ళు నలిగిపోయాయో నాకు తెలుసు. నేనూ తక్కువ నలపలేదు. అయితే ఒక మాట చెప్పాలి, ఆ రోజు మా ఇంట్లో ఆచారం అడ్డురాలేదు. బామ్మ దాన్ని వదిలేసింది, అవధానిగారు వదిలేశారు, అమ్మ కత్తిపీటతో సహా వదిలేసింది. అందరికన్నా ముందు దాన్ని వదిలించుకోవాలని బూట్లు కుట్టించుకున్న ఒక్క నాన్నగారే వదల్లేకపోయారు. ఆవిడ కోపంలో అన్న మాట ఆయన్ని గడప దగ్గర పట్టుకుని కూర్చోబెట్టింది. ఆవిడ ప్రేమతో అన్న మాటకి అంత బలం లేకపోయింది. ఎందుకలా జరుగుతుందో నాకు ఈ వయసుకీ అర్థం కాలేదు.

మొన్న రామం వెళ్ళే ముందు రెండు జతలూ వరసగా గుమ్మం బయట పెట్టి, "జడ్జీగారి ముందుకి ఏది బాగుంటుందో చెప్పవే అమ్మమ్మా" అని అడిగాడు. ఒకదానికి తాళ్ళున్నాయి, ఒకదానికి లేవు. "రెండూ నల్లగానే ఉన్నాయి, ఏదో ఒకటి వేసుకుని ఏడు. ఆయన నీ కాళ్ళు చూడడు" అన్నాను. వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "నాకు బాగోలేదని కబురొస్తే మటుకు, గుమ్మం దగ్గర కూర్చోకు. కాలికి ఏదుంటే దాంతోనే, బురదుంటే బురదతోనే లోపలికి వచ్చెయ్యి. ఇల్లు తరవాత కడుక్కోవచ్చు" అన్నాను. "ఇప్పుడా మాటలెందుకమ్మమ్మా" అన్నాడు. "సరేనను" అన్నాను.

వాడు తలూపాడు. నాన్నగారూ ఆ రోజు అలాగే తలూపారు.